ఏడాదిగా స్టెరాయిడ్ వాడుతున్న అమ్మ: కాల్షియం మాత్ర ఒక్కటే చాలా?

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఏడాది దాటింది, రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 7.5 మి.గ్రా. వేసుకుంటోంది. కీళ్ల వాపు తగ్గి తన పనులు తను చేసుకుంటోంది, కాదనను. కానీ ఈమధ్య వెన్ను మధ్యలో నొప్పి అంటోంది, పైగా ఎప్పుడూ అందే అల్మారా పై అర ఇప్పుడు మునివేళ్ల మీద నిలబడినా అందడం లేదట. 61 ఏళ్లకి మామూలేలే అంటున్నారు ఇంట్లో. కాల్షియం ఇస్తూనే ఉన్నాం. స్టెరాయిడ్ మానిపించేయాలా?

పాత_పేషెంట్:
మీ అంతట మీరు మాత్రం మానిపించకండి. ఇన్నాళ్లు వాడాక ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోయి ఉంటుంది, మాత్ర ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇక ఆ అల్మారా సంగతి చదివితే నాకే టెన్షన్ వచ్చింది. ఎత్తు తగ్గిందంటే వెన్నుపూస అణిగి ఉండొచ్చు, కొందరికి నొప్పి కూడా తెలియదు. వెన్ను ఎక్స్‌రే, ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రెండూ అడగండి. స్టెరాయిడ్ వాడేవాళ్లకి డెక్సా స్కోరు మరీ తక్కువ లేకపోయినా ఎముక విరుగుతుంది.

మందుల_డబ్బా:
కాల్షియం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. స్టెరాయిడ్ వల్ల పేగు కాల్షియాన్ని సరిగా పీల్చుకోదు, మూత్రంలో ఎక్కువ పోతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా కొత్త ఎముకని కట్టే కణాలే చచ్చిపోతాయి. మేస్త్రీ లేకుండా ఇటుకలు తెచ్చి పోస్తే గోడ లేవదు కదా. కాల్షియం, విటమిన్ డి ఉండాల్సిందే, కానీ ఇలాంటివాళ్లకి చాలాసార్లు ఎముక తరిగిపోకుండా ఆపే అలెండ్రొనేట్ లాంటి మందు కూడా కావాలి. అసలు స్టెరాయిడ్ మొదలుపెట్టిన మొదటి 3 నుంచి 6 నెలల్లోనే ఎముక వేగంగా తగ్గుతుంది, అప్పుడే చూడాల్సింది.

ప్రశ్న అడిగినవారు:
మాకెవరూ చెప్పలేదండి. రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా. అలెండ్రొనేట్ రాస్తే కాల్షియంతో కలిపి వేయొచ్చా?

మందుల_డబ్బా:
వద్దు, కలిపితే అలెండ్రొనేట్ ఒంటికి పట్టదు. దాన్ని పొద్దున్నే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నడుం వాల్చకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో పుండు పడొచ్చు. కాల్షియం తర్వాత, భోజనంతో. పళ్లు పీకించే పని ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి.

పాత_పేషెంట్:
ఇంకోటి, ఎప్పుడైనా గజ్జల్లో నొప్పి మొదలై కుంటుతుంటే కీళ్ల జబ్బేలే అని వదిలేయకండి. స్టెరాయిడ్ వల్ల తుంటి ఎముకకి రక్తం అందక అది దెబ్బతినొచ్చు. మొదట్లో ఎక్స్‌రే బాగానే వస్తుంది, ఎంఆర్ఐలోనే బయటపడుతుంది.