ఆభా రికార్డులు, ఇంట్లోవారి ఫోను: రోగి గోప్యత కాపాడటం ఎలా?

తోటి వైద్యులకు నమస్కారం. గోదావరి జిల్లాల్లోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను వైద్యాధికారిని. ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా అనుసంధానించే కేంద్ర ప్రభుత్వ పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద రోగి రికార్డు తయారైన చోటే ఉంటుందని, దాన్ని 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) నంబరుకు జతచేశాక రోగి సమ్మతిస్తేనే మరో వైద్యునికి కనిపిస్తుందని, ఏ ప్రయోజనానికి, ఏ రకం రికార్డులు, ఎంతకాలం అన్నది ఆ సమ్మతిలో ఉండాలని, దాన్ని వెనక్కి తీసుకోవచ్చని మనందరికీ తెలుసు. ఏర్పాటు మంచిదే.

ఇబ్బందల్లా ఓపీ గదిలో ఎదురవుతోంది. మా దగ్గరికి వచ్చే స్త్రీలలో చాలామందికి సొంత ఫోను లేదు; ఆభాకు భర్త నంబరో, కొడుకు నంబరో ఇచ్చి ఉంటారు. ఓటీపీ ఆ ఫోనుకే వెళుతుంది. గర్భస్రావం గురించో, మానసిక సమస్యకు వాడుతున్న మాత్రల గురించో తలుపు వేశాక ఆమె నాతో చెప్పిన మాట ఇంట్లోవారి కంట పడదని నేను ఏ ధైర్యంతో హామీ ఇవ్వగలను? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగానే గుర్తించింది కదా.

పెద్దాసుపత్రికి రిఫర్ చేసేటప్పుడు మొత్తం రికార్డు కాక, అవసరమైన భాగాన్నే పంపుతున్నవారు ఆ పని ఎలా చేస్తున్నారు? సున్నితమైన వివరాలను విడిగా రాస్తున్నారా? అలా విడదీస్తే, ఆమె వాడే మందు సంగతి తెలియక అవతలి వైద్యుడు దానికి పడని మందు రాస్తారేమోనన్న భయమూ నాకుంది. ఏఎన్ఎంలు, డేటా ఎంట్రీ సిబ్బంది ఏ వివరాలు చూడవచ్చో మీ కేంద్రంలో రాతపూర్వక నియమాలుంటే, దయచేసి వాటి నమూనా పంచుకోగలరు.