పావుగంటకే రిసీవర్ ఆగిపోతోంది, ఏం చెక్ చేయాలి?

మాది మిర్యాలగూడ. నాలుగేళ్ల నాటి 5.1 హోమ్ థియేటర్ రిసీవర్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కలిపే రకం). వాల్యూమ్ మైనస్ 25 డీబీ దాటిస్తే 15 నిమిషాలకు టక్కుమని ఆగిపోయి, ఎర్ర లైటు మినుకుమంటోంది. స్పీకర్లన్నీ 6 ఓమ్‌లవే. స్టెబిలైజర్‌లో 228 వోల్టులు చూపిస్తోంది. జాలీలో దుమ్ము దులిపి, పైన జానెడు ఖాళీ వదిలాను.

వెనక చూస్తే ఎడమ స్పీకర్ వైరులో వెంట్రుకంత రాగి పోగు ఎర్ర టెర్మినల్ నుంచి నల్లదానికి తగులుతూ కనిపించింది. దొరికింది కదా అని ఎంత సంబరపడ్డానో! కత్తిరించి బిగించినా మర్నాడు మళ్లీ అదే కథ.

సెంటర్, సరౌండ్ మాత్రమే కలిపితే ఆగడం లేదు. ముందువైపు కుడి, ఎడమ స్పీకర్లు రెండూ కలిపితేనే ఆగుతోంది.

ఇంత బరువు హైదరాబాద్ దాకా మోసుకెళ్లే ముందు అడుగుతున్నాను: లోపం ఆ స్పీకర్లలోనా, రిసీవర్ లోపల స్పీకర్లకు శక్తినిచ్చే ఆంప్‌లోనా అన్నది ఇంట్లో మల్టీమీటర్‌తో ఎలా తేల్చుకోవాలి?