రెండు రోజుల నల్లమల: పులి కనబడకపోతే వెళ్లడం దండగేనా?

మట్టిరోడ్డు:
డిసెంబరులో ఒక శని, ఆదివారం దొరికాయి. హైదరాబాద్ నుంచి కార్లో నల్లమల వెళ్దామని ఉంది. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు, నాన్న. నాన్నకు మోకాళ్ల నొప్పులు. బాబుకు పులిని చూపిస్తానని నోరు జారాను, ఇప్పుడు రోజూ అదే గోల. మన్ననూరులో ఉండాలా, నేరుగా శ్రీశైలం పోయి అక్కణ్నుంచి తిరగాలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

అచ్చంపేట బస్సు:
సార్, ముందు పిల్లాడికి పులి మాట మరిపించండి. మాది ఆ అడవి అంచున ఊరే. చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీద తిరుగుతున్నా, పులిని చూసింది రెండేసార్లు. రెండోసారైతే తోక ఒక్కటే చూశాననుకోండి. అది రోడ్డు దాటడానికి నాలుగు సెకన్లు పట్టదు.

మన్ననూరులోనే ఉండండి. హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్లు, మధ్యలో టిఫిన్‌కు ఆగినా మూడున్నర గంటలు. అటవీశాఖ వాళ్ల కాటేజీలు ఉన్నాయి, సఫారీతో కలిపి ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవచ్చు. శనాదివారాలకు ముందే అయిపోతాయి. ముఖ్యమైన సంగతి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. తొమ్మిదిన్నరకు వచ్చి బతిమాలితే పని జరగదు.

టెలిఫోటో:
మన్ననూరు ఉన్న అమ్రాబాద్ దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు. అంత అడవిలో రెండు రోజుల్లో పులి కనబడాలంటే లాటరీ తగిలినట్టే.

అచ్చంపేట బస్సు:
చిన్న సవరణ అన్నా. పెద్దది నాగార్జునసాగర్–శ్రీశైలం, అది ఇప్పుడు ఆంధ్రా వైపు. 2014లో రాష్ట్రాలు విడిపోయాక మన వైపు ముక్క అమ్రాబాద్ అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. పులికి ఈ లెక్కలేవీ పట్టవు, కృష్ణ ఈది అవతలికి పోతుంది.

గూడబాతు:
పిల్లాడికి జంతువులు కనబడడమే ముఖ్యమైతే నేలపట్టు వెళ్లండి. సూళ్లూరుపేట దగ్గర. చలికాలంలో చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికన్లు, గూళ్లు కట్టుకుని ఉంటాయి, నత్తగుల్ల కొంగలూ ఉంటాయి. వెళితే ఖాయంగా కనబడతాయి. నాన్నగారు మెట్లెక్కే పని కూడా పెద్దగా ఉండదు. మీకు దూరమే, కాదనను.

మట్టిరోడ్డు:
హైదరాబాద్ నుంచి రెండు రోజుల్లో సూళ్లూరుపేట అంటే కారులోనే సగం సెలవు అయిపోతుందండీ. సంక్రాంతికి చూస్తాం.

వేకువ:
నేను ఇంకో మాట చెప్తాను. నిరుడు ఇద్దరం మిత్రులం ఒక ప్రైవేటు క్యాంపులో దిగాం. పేరు అనవసరం. అడవి పక్కనే అన్నారు, పక్కనే ఉంది కూడా. రాత్రి పదకొండు దాకా డీజే, మంట చుట్టూ డాన్సులు. చుట్టుపక్కల ఒక్క పిట్ట కూత లేదు. పొద్దున మేనేజరే "ఈసారి జంతువులు ఎందుకో రావట్లేదు సార్" అన్నాడు!

కాబట్టి ఎక్కడ దిగినా ముందు ఒకటి అడగండి: రాత్రి పాటలు పెడతారా అని.

తునికిపండు:
మట్టిరోడ్డు గారూ, నేను ఐదుసార్లు వెళ్లాను. పులి సున్నా. అయినా ఆరోసారి వెళ్తాను. ఎందుకో చెప్తా.

ఫరహాబాద్ వైపు సఫారీలో మాకు గైడ్‌గా ఒక చెంచు పెద్దాయన వచ్చారు. బండి ఆపించి మొదట చూపించింది ఒక చెదలపుట్ట. మధ్యలో పెద్ద బొక్క, చుట్టూ చిమ్మిన మట్టి. "రాత్రి ఎలుగు తవ్వింది" అన్నారు. మట్టి ఇంకా తడిగానే ఉంది. కొంచెం ముందుకెళ్లాక ఒక చెట్టు బోదె మీద కింది నుంచి పైదాకా గోళ్ల గీతలు, తేనెపట్టు కోసం ఎక్కిందట. ఆయన తాతలు కూడా అదే తేనె కోసం ఎక్కారు కాబట్టి, ఎలుగు గురించి పాత పోటీదారు గురించి చెప్పినట్టు చెప్పారు.

తర్వాత ఇంజను ఆపించి కదలకుండా కూర్చోమన్నారు. మొదటి ఐదు నిమిషాలు నాకు నా చెవుల రొద తప్ప ఏమీ వినబడలేదు. ఆ తర్వాత కొండముచ్చు ఒకటి పైనుంచి ఖక్ ఖక్ మని దగ్గింది. దుప్పులు అందుకున్నాయి. పులో చిరుతో కదిలితే అవి అలా అరిచి హెచ్చరిస్తాయట. ఆయన మాత్రం కదల్లేదు. "దుప్పి ఆకు రాలినా అరుస్తది. కణితి అరిస్తే నమ్మాలి" అన్నారు. కణితి అంటే సాంబర్ జింక. అది అరవలేదు. చిరుత వచ్చిందో లేదో మాకు తెలియలేదు. కానీ ఆ పది నిమిషాలంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నేను ఎప్పుడూ కూర్చోలేదు.

మీ బాబుకు బెట్టుడుతను, అంటే పెద్ద అడవి ఉడుతను, చూపించండి. మామూలు ఉడుత కన్నా ఎన్నో రెట్లు పెద్దది, ఎర్రగోధుమ రంగు, కొమ్మ మీంచి కొమ్మకు ఎగిరితే తోక వెనకాలే తేలుతూ పోతుంది.

మల్లెల తీర్థం జలపాతం మాత్రం నాన్నగారికి వద్దు. దిగడానికి మెట్లు వందల్లో ఉంటాయి, తిరిగి ఎక్కడం ఇంకా కష్టం. ఫరహాబాద్ వ్యూపాయింట్ చాలు. కాళ్ల ముందే కొండ తెగిపోయి, కింద మైదానం కనబడుతుంది.

టెలిఫోటో:
వేసవి బెటర్ కదా? ఆకు రాలి దూరం దాకా కనబడుతుంది, జంతువులన్నీ నీటి గుంటల దగ్గరికే వస్తాయి.

తునికిపండు:
ఫోటోలకు బెటరే. ఎనిమిదేళ్ల పిల్లాడితో, మోకాళ్ల నొప్పుల నాన్నతో మే నెలలో ఓపెన్ జీపు ఎక్కిస్తే ఇంట్లో తర్వాత మాట్లాడరు. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా, సఫారీ ఎలాగూ ఉండదు. డిసెంబరు హాయి. పొద్దున చలి బాగా ఉంటుంది, మంకీ క్యాప్ మర్చిపోవద్దు.

కర్నూలు కుర్రోడు:
ఆంధ్రా వైపు నుంచి వచ్చేవాళ్లకు బైర్లూటి క్యాంపు, దోర్నాల–శ్రీశైలం దారిలో తుమ్మలబైలు సఫారీ ఉన్నాయి. నేను ఒకసారి కలివికోడి కోసం కడప వైపు లంకమల పోయా. 1986లో మళ్లీ కనబడ్డ పిట్ట, రాత్రిపూటే తిరుగుతుంది. నాకు కనబడింది ముళ్లపొదలు, తేళ్లు. పులి దొరకలేదని ఏడ్చేవాళ్లు నన్ను తలుచుకోండి.

మట్టిరోడ్డు:
వెళ్లొచ్చాం. మన్ననూరులోనే దిగాం. స్టీలు సీసాలు తీసుకెళ్లడం మంచిదైంది, అడవిలోకి ప్లాస్టిక్ నిషేధం.

పులి లేదు. దుప్పుల మంద, ఒక మనుబోతు (నీల్గాయ్), లెక్కలేనన్ని నెమళ్లు, దూరంగా రెండు రేసుకుక్కలు, అంటే అడవికుక్కలు. రేసుకుక్కల్ని చూసి గైడే మాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. వ్యూపాయింట్ దగ్గర నాన్న గంటసేపు కదల్లేదు. మోకాళ్ల వల్ల అనుకున్నా, కాదట.

బాబు సంగతి. మొదటి రోజు "పులేది?" అని పద్నాలుగుసార్లు అడిగాడు, వాళ్లమ్మ లెక్కపెట్టింది. రెండో రోజు పొద్దున ఇసుక మీద అడుగు కనబడింది. గైడ్ వాడి అరచేతిని పక్కన పెట్టించాడు. వాడి చెయ్యి అందులో మునిగిపోయింది. ఫోటో తీస్తానంటే వద్దన్నాడు, గట్టిగా మాట్లాడొద్దని నాకే సైగ చేశాడు. తిరుగుదారిలో కల్వకుర్తి దాకా నోరు విప్పలేదు.

అచ్చంపేట బస్సు:
అడుగు ముందు వేళ్ల దగ్గర గోళ్ల గుర్తులు ఉన్నాయా సార్?

మట్టిరోడ్డు:
లేవు.

అచ్చంపేట బస్సు:
అయితే రేసుకుక్క కాదు. పిల్లాడి చెయ్యి మునిగిందంటే చిరుతా కాదు. వాడికి చెప్పండి.