నాన్నని బండి గుద్దేసింది, తప్పు నాన్నదేనంటున్నారు. ఏం చెయ్యాలి?

శ్రీకాకుళం కుర్రాడు: పొద్దున్న తొమ్మిదింటికి స్టేషన్‌కి వెళ్ళాను. సాయంత్రం నాలుగు దాకా కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. ఎవరైనా దారి చెప్పండి. మా ఊరి దగ్గర హైవే దాటుతుంటే మా నాన్నగారిని బైక్ గుద్దేసింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది, రాడ్డు వేశారు. పాల క్యాను నొక్కుకుపోయింది, ఒక చెప్పు డివైడర్ అవతల దొరికింది. ఎవర్ని అడిగినా జీబ్రా గీతలు లేని చోట దాటితే దాటినవాడిదే తప్పంటున్నారు. గుద్దినవాడు ఆగకుండా పోయాడు. హిట్ అండ్ రన్‌కి 2 లక్షలు వస్తాయని యూట్యూబ్‌లో చూశాను. ఎక్కడ అప్లై చెయ్యాలి?

కొత్తరోడ్డు: ఎప్పుడు జరిగింది? బండి నంబరు తెలుసా? ఎఫ్‌ఐఆర్ ఉందా?

టెక్కలి మాస్టారు: బాబూ, ముందు నాన్నగారు కోలుకోవాలి. నేను ఏళ్ళ తరబడి చెప్తున్న మాట మళ్ళీ చెప్తాను. కోతలయ్యాక మన దగ్గర సగం రోడ్డు కళ్ళమే. ధాన్యం పరిచి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. నడిచేవాడు నడిరోడ్డు మీదకి రాక ఏం చేస్తాడు? చీకటి పడ్డాక ఆ రాళ్ళు బండివాడికీ కనపడవు. ఇంకో సంగతి, ఫుట్‌పాత్ లేని చోట కుడిపక్కన నడవాలి, ఎదురొచ్చే బండి కంటికి కనిపిస్తుంది. మనవాళ్ళు ఎడమపక్క నడుస్తారు, వెనకనుంచి ఏమొస్తోందో తెలియదు.

నాగావళి రైతు: కళ్ళాలు లేని ఊళ్ళో ధాన్యం ఎక్కడ ఆరబెట్టమంటారు మాస్టారూ? తేమ ఎక్కువుంటే కొనేవాడు లేడు.

టెక్కలి మాస్టారు: రైతుని తప్పు పట్టట్లేదు నాయనా. కనీసం ఆ రాళ్ళు తియ్యమంటున్నాను.

కొత్తరోడ్డు: ఇది ధాన్యం గొడవ కాదు. అడిగినవి చెప్పు తమ్ముడూ.

శ్రీకాకుళం కుర్రాడు: డిసెంబరు 20న, తెల్లారకముందు, బాగా మంచు. నాలుగున్నర నెలలైంది. ఎఫ్‌ఐఆర్ లేదు, ఆసుపత్రిలో ఏదో రాసుకున్నారు. బండి మా ఊరివాళ్ళదే, నంబరు తెలుసు. రాంగ్ రూట్‌లో వచ్చాడు. నడిపిన అబ్బాయికి పదిహేడేళ్ళు. పెద్దమనుషులు ఇరవై వేలు ఇప్పిస్తామని తెల్లకాగితం మీద సంతకం అడుగుతున్నారు. ఊళ్ళో అందరికీ తెలిసిందే కదా అని ఇవన్నీ రాయలేదు.

కొత్తరోడ్డు: సంతకం పెట్టొద్దు.

బొబ్బిలి అక్క: తమ్ముడూ, మా మరిది కేసుకి రెండేళ్ళు కోర్టు చుట్టూ నేనే తిరిగాను కాబట్టి చెప్తున్నాను. ఇది చట్టం లెక్కలో హిట్ అండ్ రన్ కాదు. ఏ బండో ఎంత వెతికినా తేలనప్పుడే ఆ పథకం. అందులో 2 లక్షలు ప్రాణం పోతేనే, పెద్ద గాయానికి 50 వేలు.

పలాస జీడి: గుద్ది పారిపోయాడు కదా, హిట్ అండ్ రన్ కాకపోతే మరేటి? మాట పట్టుకుని వాదన ఎందుకు?

బొబ్బిలి అక్క: ఆ మాటని బట్టే కాగితం ఎక్కడికెళ్ళాలో తేలుతుంది. ఆగకుండా పోవడం వేరే నేరం. గాయపడినవాడికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి, అది మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్. మీ కేసులో బండి తెలుసు. కాబట్టి ఓనరు మీద, ఇన్సూరెన్స్ కంపెనీ మీద అదే చట్టం 166వ సెక్షన్ కింద, ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కేసు వెయ్యాలి. జిల్లా కోర్టులోనే ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఆరు నెలల గడువు పెట్టారు. నీకు జూన్ 20 లోపే అనుకో.

నాన్నగారి తప్పు సంగతి. జీబ్రా గీతలు లేవని బండివాడి తప్పు మాఫీ అయిపోదు. మంచులో, రాంగ్ రూట్‌లో వచ్చినవాడిది ఎంత, చూసుకోకుండా దాటినాయనది ఎంత అని జడ్జి తూస్తారు. నాన్నగారిది కొంత ఉందని తేలితే అంతమేర పరిహారం తగ్గుతుంది, మొత్తం పోదు. తప్పెవరిదన్న ప్రశ్నే లేకుండా 164 కింద పెద్ద గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. కానీ అది తీసుకుంటే 166 కేసు వదులుకోవాలి. ఖర్చులన్నీ లెక్కేసుకుని లాయర్‌తో కూర్చుని తేల్చుకో.

పలాస జీడి: మరి ఆ కుర్రోడి మీద కేసు పెడితే వాడి చదువు పోదా? ఊళ్ళో మొహాలు చూసుకోవాలి కదా.

కొత్తరోడ్డు: కాలు విరిగినాయన మొహం ఎవరు చూస్తారు?

బొబ్బిలి అక్క: మైనర్‌కి బండి ఇస్తే 199-ఎ కింద తల్లిదండ్రులదో, ఓనరుదో బాధ్యత. 25 వేల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. లైసెన్సు లేదని ఇన్సూరెన్స్ కంపెనీ మీకు కట్టిన డబ్బు ఓనరు దగ్గర వసూలు చెయ్యొచ్చు. పెద్దమనుషుల తొందర అందుకేనేమో. వాళ్ళు రాజీ రాసుకున్నంత మాత్రాన పోలీసు కేసు దానంతటదే పోదు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టులో ఫిర్యాదు పంపు, రసీదు దాచుకో. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళొచ్చు. ముందు ఆసుపత్రిలో ఎమ్మెల్సీ కాపీ అడుగు, అంటే ప్రమాదం కేసని గాయాల గురించి డాక్టరు రాసే మెడికో లీగల్ కాగితం. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనా గాయం ఆ రోజుదేనని చెప్పేది అదే. ఎక్స్‌రేలు, మందుల బిల్లులు ఒక్కటి కూడా పారెయ్యకు.

నాగావళి రైతు: మాస్టారూ, ఈసారి మా ఊళ్ళో రాళ్ళ బదులు ఇసక బస్తాలు పెడితే?

టెక్కలి మాస్టారు: బస్తా అయినా తగిలితే పడేదే కదా నాయనా. రోడ్డు వదిలెయ్యండి. బడి సెలవుల్లో మైదానం అడగండి, నేనూ వచ్చి మాట్లాడతాను.

శ్రీకాకుళం కుర్రాడు: సరే అక్కా. సంతకం పెట్టలేదు. ఎమ్మెల్సీ కోసం రేపు వెళ్తాను. థాంక్స్.

కొత్తరోడ్డు: ఆ బండికి ఇన్సూరెన్స్ ఉందా? ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడు. డిసెంబరు 20 నాటికి ఉండాలి, ఇవాళ్టికి కాదు.

కొత్తరోడ్డు: తమ్ముడూ, చూశావా?