మెక్సికో సముద్రతీర ఊళ్లలో చిన్నపిల్లలతో బస్సు ప్రయాణం: ఏ ఊళ్లు ఉంచాలి, ఏవి వదలాలి?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. మార్చిలో బడి సెలవులకు మెక్సికో కరీబియన్ తీరానికి వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఐదేళ్ల పాప, రెండేళ్లు నిండిన బాబు, హైదరాబాద్ నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్యగారు. చేతిలో ఉన్నది వారం పైన ఒకటి రెండు రోజులు. కాన్‌కూన్‌లో దిగి ఇస్లా ముహేరెస్, ఓల్బోష్, ప్లాయా దెల్ కార్మెన్, తులూమ్, బకలార్ అన్నీ బస్సుల్లోనే తిరిగి రావాలని మావారి కోరిక. పాపకు కారెక్కితే కడుపులో తిప్పుతుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. పిల్లలతో ఆ బస్సులు ఎక్కవచ్చా? మా జాబితా మరీ పెద్దదా? వెళ్లివచ్చినవారు చెబితే రుణపడి ఉంటాను.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

చెల్లెమ్మా, బస్సుల గురించి నిశ్చింతగా ఉండండి. మీ జాబితా మాత్రం చాలా పెద్దది. రెండు ఊళ్లు ఉంచుకోండి: ఇస్లా ముహేరెస్, ప్వెర్తో మొరెలోస్. రెండోది మీ జాబితాలో లేదు, కానీ మీలాంటి కుటుంబానికి అదే సరైన ఊరు.

ఊరు మారిన ప్రతిసారీ ఏం జరుగుతుందో చూడండి. గది ఖాళీ చేయాల్సింది పదకొండు, పన్నెండు మధ్య. కొత్త ఊళ్లో గది ఇచ్చేది మూడింటికి. సరిగ్గా ఆ మధ్యలోనే మీ బాబు నిద్రవేళ. పెద్దావిడ నడుము వాల్చాలనుకునేదీ అప్పుడే. ఇన్ని ఊళ్లంటే ఇదంతా మళ్లీ మళ్లీ. అందుకే మారడం తగ్గించుకోండి, మారినప్పుడు మధ్యాహ్నం బస్సే పట్టుకోండి. భోజనం పెట్టి ఎక్కిస్తే బాబు సీట్లోనే నిద్రపోతాడు, లేచేసరికి కొత్త ఊళ్లో గది సిద్ధంగా ఉంటుంది.

ముందు ఇస్లా ముహేరెస్‌కు వెళ్లండి. కాన్‌కూన్ విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటికి వస్తుంటే టాక్సీలవాళ్లు చుట్టుముడతారు. తల ఊపకుండా ముందుకు నడవండి. ఏడీఓ అనే బస్సు సంస్థ టికెట్ కౌంటర్ అక్కడే ఉంటుంది. ఊరి నడిబొడ్డున ఉన్న బస్సు స్టేషన్‌కు అరగంట ప్రయాణం. అక్కడి నుంచి ప్వెర్తో హువారెస్ రేవుకు టాక్సీలో పది, పదిహేను నిమిషాలు. పడవ ఇరవై నిమిషాల్లో దీవికి చేరుస్తుంది. పిల్లలు పైఅంతస్తుకు వెళ్దామని మారాం చేస్తారు. ఒకరు వాళ్లను తీసుకుని పైకి వెళ్లండి, ఇంకొకరు అత్తయ్యగారితో కింద కూర్చోండి. మెట్లు నిటారుగా ఉంటాయి, పడవ ఊగుతుంది.

దీవి ఉత్తరపు కొసన ప్లాయా నోర్తె అనే తీరం ఉంది. రేవు నుంచి అక్కడికి నడిచిపోవచ్చు, కాబట్టి గది ఆ పరిసరాల్లోనే చూసుకోండి. ఆ నీళ్లు చూస్తే పిల్లల తల్లి ప్రాణం కుదుటపడుతుంది. ఒడ్డు నుంచి చాలా దూరం నడిచినా పెద్దవాళ్లకు నడుము లోతే. మీ బాబు ఒడ్డున కూర్చుంటే నీళ్లు పొట్ట దాకా వస్తాయి, అడుగున తన కాలివేళ్లు తనకే కనిపిస్తాయి. అయితే మార్చిలో కూడా అప్పుడప్పుడు ఉత్తరపు గాలి విసురుతుంది. ఆ రోజుల్లో ఇదే తీరంలో అలలు లేస్తాయి. ఎర్రజెండా కనిపిస్తే నీళ్లలోకి దిగవద్దు. ఆ పూట బండి అద్దెకు తీసుకుని దీవి దక్షిణపు కొస చూసి రండి. గోల్ఫ్ మైదానాల్లో తిరిగే చిన్న బండ్లే అక్కడ ఎక్కువగా అద్దెకు దొరుకుతాయి. దీవి పొడవు ఏడు కిలోమీటర్ల చిల్లర, అంతే.

రెండో మజిలీ ప్వెర్తో మొరెలోస్. ఇది కాన్‌కూన్‌కూ ప్లాయా దెల్ కార్మెన్‌కూ నడుమ ఉంటుంది, విమానాశ్రయానికి దగ్గర. తిరుగు ప్రయాణం రోజు కంగారు ఉండకూడదనే దీన్ని చివర పెట్టమంటున్నాను. తీరానికి కొద్ది దూరంలోనే పగడపు దిబ్బల వరుస ఉంది, పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి. ఊరు చిన్నది. మధ్యలో చెట్ల నీడ ఉన్న చౌకు, దాని వెనకే సముద్రం. ఒరిగిపోయిన పాత లైట్‌హౌస్ ఒకటి కనిపిస్తుంది. 1967లో బ్యూలా తుపాను దాన్ని అలా ఒరిగించింది, ఊరివాళ్లు అలాగే ఉంచుకున్నారు. మీ పాపకు అది తెగ నచ్చుతుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. బస్సు ఊళ్లోకి రాదు, జాతీయ రహదారి మీది కూడలిలో దింపుతుంది. అక్కడి నుంచి ఊరికి రెండు, మూడు కిలోమీటర్లు. టాక్సీలు కాచుకుని ఉంటాయి, వాటిలోనే వెళ్లండి. ఆ దారికి ఇరువైపులా మడ అడవులు, వాటిలో మొసళ్లు ఉంటాయి. పిల్లలతో నడవవద్దు.

ఇక ఓల్బోష్, తులూమ్, బకలార్. ఓల్బోష్‌కు రెండున్నర, మూడు గంటల బస్సు, ఆపైన పడవ. వీధులన్నీ ఇసుక, వాన పడితే బురద. అత్తయ్యగారికి కష్టం. తులూమ్ ఊరు ఒకచోట, సముద్రం మరోచోట. బకలార్ సముద్రం కాదు, మంచినీటి సరస్సు. ఎంతో అందంగా ఉంటుంది, లోతు తక్కువ. కానీ కాన్‌కూన్ నుంచి అయిదు గంటల దూరం. పిల్లలు కాస్త పెద్దయ్యాక దానికోసమే మళ్లీ వెళ్లండి.

మరో ప్రశ్న (డాలస్ నుంచి)

అక్కా, చాలా సంతోషం. మావారికి చదివి వినిపించాను, తులూమ్ మీద ఇంకా ఆశ వదులుకోలేదు! బస్సు లోపల ఎలా ఉంటుందో కూడా చెప్పండి. పాపకు వాంతులు అవుతాయేమోనని నా భయం.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

తులూమ్‌లోని మాయా నాగరికత శిథిలాలు చూడాలంటే ప్వెర్తో మొరెలోస్ నుంచి ఆయన ఒక్కరే పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. మీరంతా ఇసుకలో ఆడుకోండి.

ఆ తీరం వెంట సాగే 307వ నంబరు రహదారి దాదాపు తిన్నగా, చదునుగా ఉంటుంది. ఘాట్ రోడ్డు మలుపులు లేవు కాబట్టి పాపకు ఇబ్బంది తక్కువ. టికెట్ కొనేటప్పుడు తెర మీద సీట్లు చూపిస్తారు. ముందు వరుసల్లో కిటికీ పక్కన సీటు అడగండి. మరుగుదొడ్డి వెనక కొసన ఉంటుంది, ఆ వాసనకే కొందరికి తిప్పుతుంది. కడుపు నిండా పాలు తాగించి ఎక్కించవద్దు. మాత్ర వేయాలనుకుంటే మీ పిల్లల డాక్టరును ముందే అడిగి మోతాదు రాయించుకోండి.

బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుంటే డబ్బు మిగులుతుంది గానీ బెల్టు ఉండదు. వాడికీ సీటు తీసుకోండి. పెద్ద పెట్టె బస్సు కింది అరలో పెట్టి దానికి చీటీ కట్టి, సగం చించి మీ చేతికి ఇస్తారు. దిగాక ఆ ముక్క చూపిస్తేనే పెట్టె ఇస్తారు, కాబట్టి పాప చేతికి ఆడుకోవడానికి ఇవ్వకండి. పాస్‌పోర్టులు, మందులు, ఒక జత బట్టలు మాత్రం మీ దగ్గరే ఉండాలి. దారిలో ఒక్కోసారి అధికారులు బస్సు ఆపి పాస్‌పోర్టులు చూస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం చలి. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల ఏసీ వణికిస్తుంది. తగ్గించమంటే తగ్గుతుందన్న నమ్మకం లేదు. పిల్లలకు మేజోళ్లు, స్వెట్టర్లు, అత్తయ్యగారికి శాలువా చేతిసంచిలోనే పెట్టుకోండి. ప్లాయా దెల్ కార్మెన్‌లో బస్సు మారితే టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోండి. అక్కడ రెండున్నాయి. కాన్‌కూన్, విమానాశ్రయం బస్సులు ఐదో అవెన్యూ దగ్గర, దూరపు బస్సులు ఎక్కువగా ఇరవయ్యో అవెన్యూ దగ్గర.

మరొకరు (ఆస్టిన్ నుంచి)

నేను కాస్త భిన్నంగా చెబుతాను. పిల్లలు ఇంత చిన్నవాళ్లయితే కారే మేలు. మన కారు సీట్లు మనమే బిగించుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

సీట్ల విషయంలో మీరన్నది నిజం, తమ్ముడూ. భద్రత పరంగా కారు సీటుకు సాటి లేదు. అందుకే టాక్సీ ప్రయాణాలు తక్కువ పడేలా, గదులు నడక దూరంలో ఉండేలా చెప్పాను. మామూలు టాక్సీల్లో పిల్లల సీట్లు ఉండవు. కానీ వీళ్లు వెళ్లేది ఒక దీవికి, ఒక చిన్న ఊరికి. కారు తీసుకుంటే దీవిలో ఉన్నన్ని రోజులూ అది రేవు దగ్గర అద్దె తింటూ పడి ఉంటుంది. బస్సయితే మాత్రం పగలే ఎక్కండి, రాత్రి ప్రయాణం పిల్లలతో వద్దు.

మరొకరు (శాన్ ఆంటోనియో నుంచి)

టికెట్లు కొనకముందే వీసా చూసుకోండి. భారతీయ పాస్‌పోర్టు మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ముద్ర గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కరలేదు. అత్తయ్యగారి సందర్శక వీసా కూడా పనికొస్తుంది. మన హెచ్1బీ వాళ్లలో చాలామందికి ముద్ర గడువు తీరిపోయి ఆమోదపత్రం ఒక్కటే ఉంటుంది. ముప్పై రోజుల్లోపు మెక్సికో వెళ్లొస్తే పాత ముద్రతోనే అమెరికాలోకి తిరిగి రానిచ్చే నిబంధన ఒకటి ఉంది, దాన్ని నమ్ముకుని బయలుదేరుతారు. కానీ అది తిరిగి రావడానికే. మెక్సికోలోకి వెళ్లాలంటే ఆ ఆమోదపత్రం చాలదు, వాళ్ల వీసా కావాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మెక్సికో కాన్సులేట్ వెబ్‌సైట్ చూశాకే డబ్బు కట్టండి.

మరొకరు (న్యూజెర్సీ నుంచి)

ఇదే చర్చలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. పసిఫిక్ వైపు ప్వెర్తో ఎస్కొందీదో ఎలా ఉంటుంది? ఒహాకా నగరం నుంచి బస్సులో వెళ్లాలని ఉంది. మా పిల్లలకు ఆరు, తొమ్మిది ఏళ్లు.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

ఇప్పుడు వెళ్లవచ్చు. ఇదివరకు కొండల మీదుగా ఆరేడు గంటలు, మలుపు తర్వాత మలుపు, పిల్లలు నీరసించిపోయేవారు. 2024 ఫిబ్రవరిలో కొత్త రహదారి తెరిచాక మూడు గంటల పని అయింది. టికెట్ కొనేటప్పుడు బస్సు కొత్త దారిలో వెళ్తుందా అని తప్పక అడగండి. అక్కడ సికతెలా తీరం అలల మీద పలకలతో ఆడే నిపుణులది, పిల్లలను ఆ నీళ్లలోకి అస్సలు దింపకండి. ప్వెర్తో అంహెలీతో, మన్సనీయో అనే చిన్న తీరాలు ప్రశాంతంగా ఉంటాయి. కారిసాలీయో కూడా మంచిదే, కాకపోతే నూటయాభైకి పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి.

చివరి ప్రశ్న (డాలస్ నుంచి)

తిండి, నీళ్ల సంగతి ఒక్కటి మిగిలింది అక్కా. సముద్రపు నాచు గురించి కూడా ఎక్కడో చదివాను.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

నాచు ఎక్కువగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా కొట్టుకొస్తుంది, మార్చిలోనూ మొదలవవచ్చు. ప్వెర్తో మొరెలోస్‌కు తాకిడి ఎక్కువ, ప్లాయా నోర్తెకు తక్కువ. బయలుదేరే వారం తాజా ఫొటోలు చూసి, నాచు విపరీతంగా ఉంటే దీవిలోనే రెండు రోజులు పెంచుకోండి. అందుకు వీలుగా డబ్బు తిరిగి వచ్చే గదులే తీసుకోండి. ఈస్టర్‌కు ముందు వారం మాత్రం వద్దు. దేశమంతా సముద్రానికే వస్తుంది, బస్సుల్లో సీటు దొరకదు.

గదిలో చిన్న వంటగది ఉండేలా చూడండి. బియ్యం, పప్పు, అరటిపళ్లు, మామిడిపళ్లు, చక్కెర లేని పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా దొరుకుతాయి. అత్తయ్యగారికి పూట పూటకూ పెరుగన్నం సిద్ధం. హోటల్లో అన్నం, చిక్కుడుగింజల కూర కనబడగానే శాకాహారమని ఇచ్చేయకండి. ఆ గింజలను చాలాచోట్ల పంది కొవ్వుతో వండుతారు. “సిన్ కార్నె, సిన్ మాంతేకా” అని అడగండి, అంటే మాంసం, కొవ్వు లేకుండా అని. కుళాయి నీళ్లు తాగవద్దు, పిల్లల పళ్లు తోమడానికీ సీసా నీళ్లే. విరేచనాలు పట్టుకుంటే మందుల దుకాణంలో “సుయేరో ఓరల్” అడిగితే మన ఓఆర్ఎస్ లాంటి పొడి ఇస్తారు. చాలా దుకాణాల పక్కనే తక్కువ ఫీజుకు చూసే డాక్టరు గది ఉంటుంది. బాబు నీళ్లు కూడా నిలుపుకోలేకపోతే, మూత్రం తగ్గితే, ఆలస్యం చేయకుండా కాన్‌కూన్ ఆసుపత్రికి వెళ్లండి. ప్రయాణ బీమా పత్రం ఫోనులో ఉంచుకోండి. అత్యవసర నంబరు అక్కడా 911.

చిల్లర పెసోలు దగ్గరుంచుకోండి, బస్సు స్టేషన్లలో మరుగుదొడ్డికి నాణేలు అడుగుతారు. తేదీలు ఖాయం చేశాక ఇక్కడ రాయండి, బస్సు వేళలు కలిసి చూద్దాం.