అప్‌డేట్: హార్న్ స్పీకర్లలో గుయ్యిమనే మోత పోయింది

8 వాట్ల 300బి ట్యూబ్ ఆంప్ (300బి అనే వాక్యూమ్ ట్యూబుతో నడిచే ఆంప్లిఫయర్) బాకాలాంటి మూతి ఉండే హార్న్ స్పీకర్లకు సరిపోతుందా, పాట ఆపినా గుయ్యిమని మోత ఎందుకొస్తోందని పోయిన నెల అడిగాను కదా. వాట్లు బోలెడు. ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 104 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్లివి. మా సత్యనారాయణపురం ఇంట్లో వాల్యూమ్ సగం కూడా తిప్పలేదు.

అసలు టెన్షన్ ఆ మోతే. మామూలు స్పీకర్లలో వినబడని చిన్న సద్దును కూడా ఇవి దాచవు. టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్), ఆంప్ వేర్వేరు గోడల ప్లగ్గుల్లో ఉండేవి. మీరు చెప్పినట్టే రెండింటినీ ఒకే స్విచ్‌బోర్డుకు మార్చాను, ఎర్త్ లూప్ (రెండు ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరిగి మోత పుట్టించే చుట్టు) తెగింది. ఇప్పుడు హార్న్ మూతి దగ్గర చెవి పెడితే తప్ప ఏమీ వినబడదు.

నిన్న రాత్రి ఘంటసాల పద్యం పెడితే, రాగం తీసే ముందు ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి కూర్చుండిపోయింది. ఇక గదిలో ప్రతిధ్వని మిగిలింది, ముందు జంపఖానా పరిచి చూస్తాను.