అప్‌డేట్: మడమ వెనక నొప్పికి హీల్ లిఫ్ట్‌లు వాడాను, మూడు నెలలైంది

మడమ వెనక నరం దగ్గర నొప్పితో పరుగు ఆగిపోయింది, షూలో హీల్ లిఫ్ట్ (మడమను కాస్త ఎత్తులో ఉంచే మెత్త) పెడితే తగ్గుతుందా అని మార్చిలో అడిగాను. అప్పుడు ఓపిగ్గా సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఫిజియో గారు చూసి అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడులాంటి భాగం) సమస్యే అన్నారు. నొప్పి ఎడమ కాలికే అయినా 12 మిల్లీమీటర్ల లిఫ్ట్‌లు రెండు షూల్లోనూ పెట్టించారు. ఒక్కదానికే పెడితే ఆ కాలు ఎత్తయి నడుం మీద పడుతుందట. మడమ కాస్త లేస్తే టెండన్ అంతగా సాగదు, అదీ కిటుకు. 2021లో ఆస్ట్రేలియాలో 100 మందితో చేసిన ట్రయల్లో 12 వారాలకు, వ్యాయామం చేసినవాళ్ల కంటే ఇవి వాడినవాళ్లకే ఎక్కువ ఉపశమనం కనిపించిందని కూడా చెప్పారు.

మొదటి రోజు మడమ షూలోంచి జారిపోతూనే ఉంది. లేసు పై చివరి రంధ్రం దాకా ఎక్కించి బిగించాక కుదిరింది.

అంతకుముందు పొద్దున్నే మంచం దిగితే మొదటి పది అడుగులు గోడ పట్టుకుని వేసేదాన్ని. నాలుగో వారానికి గోడతో పని లేకపోయింది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

ఇప్పుడు వైజాగ్ బీచ్ రోడ్డులో ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. ఇసుకలోకి మాత్రం దిగట్లేదు, మడమ కూరుకుపోతే మళ్లీ లాగుతుంది.

దయచేసి లిఫ్ట్ పెట్టేసి పిక్కల వ్యాయామం మానేయకండి. నేను రోజూ మడమలు ఎత్తి దించుతున్నాను. పోయిన వారం లిఫ్ట్ 6 మిల్లీమీటర్లకు తగ్గిస్తే పిక్క పట్టేసింది, చాలా టెన్షన్ పడ్డాను. రెండు రోజులు పరుగు ఆపాక సర్దుకుంది.